చిన్న విమానపు కార్బురేటరు: నిర్మాణము, రక్షణ, భాగముల మార్పిడి

ప్రస్తావన

విమానమనగనే మన దృష్టి రెక్కల మీదికిని, ముందుభాగమున గిర్రున తిరుగు పంకా మీదికిని పోవును. ఆ పంకాను త్రిప్పు ఇంజనుకు అనుక్షణము పెట్రోలును, గాలిని తగుపాళ్ళలో కలిపి అందించునది మాత్రము కంటికి ఆనని యొక చిన్న లోహపు పెట్టె. దానినే కార్బురేటరందురు. నేలమీది బండికి ఈ పెట్టె చెడినచో బండి దారిప్రక్కన ఆగును. దిగి నడిచి పోవచ్చును. నింగిలోని విమానమునకు చెడినచో ఆగుటకు దారియు లేదు, ప్రక్కయు లేదు. కావుననే ఈ చిన్న వస్తువు రక్షణను గూర్చి విమానశాలలలో అంత పట్టుదల.

ఈ వ్యాసకర్తది యంత్రవృత్తి కాదు; చెన్నపురిలోని అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు బోధించు వృత్తి. అయినను మన కుటుంబములలోని బిడ్డలు విమానశిక్షణకును, విమానమరమ్మతు విద్యకును పోవుచున్న కాలమిది. వారు చదువు విషయము ఇంటిలోని పెద్దలకు తమ భాషలో బోధపడవలెను. ఒక యంత్రభాగమును తొలినుండి తుదివరకు తెలుగున వివరించి చూచుట ఈ వ్యాసమున కుద్దేశము.

చెన్నపురియు చిన్న విమానములును

చిన్న విమానములతో ఈ నగరమునకు గల సంబంధము మిక్కిలి పాతది. మౌంటురోడ్డున హోటలు నడపిన కోర్సికా ద్వీపవాసి జియాకోమో డి ఏంజెలిస్, సింప్సన్ కంపెనీవారి బండ్ల కర్మాగారమున విమానమొకటి నిర్మింపజేసి 1910లో పల్లావరమున ఎగురవేసెనని నగరచరిత్రకారులు చెప్పుదురు. 1930 ప్రాంతమున మదరాసు ఫ్లైయింగ్ క్లబ్బు వెలసెను. 1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా కరాచి నుండి బొంబాయికి తపాలా విమానము నడపగా, అక్కడినుండి నెవిల్ విన్సెంట్ దానిని బళ్ళారి మీదుగా మదరాసునకు తెచ్చెను. అది ఒకే ఇంజను గల పుస్ మాత్ విమానము. దాని ఇంజనుకు ఊపిరి పోసినది కార్బురేటరే.

తరువాత బెంగుళూరున హిందూస్తాన్ విమాన కర్మాగారమువారు 1951లో హెచ్.టి.2ను, 1958లో పుష్పక్ విమానమును ఎగురవేసిరి. పుష్పక్ ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండు చిన్న విమానము. 90 అశ్వశక్తుల కాంటినెంటల్ ఇంజను గలది. దేశమందలి ఫ్లైయింగ్ క్లబ్బులలో ఒక తరము శిక్షార్థులు దీనిమీదనే ఎగురుట నేర్చిరి. ఆ తరువాత 110 అశ్వశక్తుల లైకమింగ్ ఇంజను గల సెస్నా 152 మన శిక్షణశాలలకు వచ్చినది. ఈ విమానముల రూపములు వేరైనను వాని కార్బురేటరు ఒకే సూత్రముపై పనిచేయును.

నిర్మాణము

పూర్వము మన ఇండ్లలో దోమలమందు చల్లుటకు వాడిన చేతిపిచికారిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గొట్టమును నెట్టినపుడు గాలి వేగముగ బయటికి వచ్చును. ఆ గాలి, డబ్బాలో మునిగియున్న సన్నని నాళము కొనమీదుగా పోవునపుడు అచ్చట ఒత్తిడి తగ్గి, మందు పైకెక్కి తుంపరయై చెదరును. కార్బురేటరునందలి మూలసూత్రము ఇంతే. ఇందులో గాలిని నెట్టువారు లేరు. ఇంజను సిలిండర్లే ముషలకముల కదలికచే గాలిని లోనికి పీల్చుకొనును. ఆ గాలి పోవు మార్గము నడుమ సన్నగిల్లియుండును. ఈ నొక్కునకు వెంచురీ యని పేరు; తెలుగున కంఠమనవచ్చును. కంఠమున గాలివేగము పెరుగును, ఒత్తిడి తగ్గును. ఆ చోట నిలుపబడిన నాళమునుండి పెట్రోలు వెలికి వచ్చి గాలితో కలియును.

పెట్రోలు ఎల్లప్పుడు ఒకే మట్టమున నిలిచియున్నగాని ఈ పని సరిగా జరుగదు. అందులకొక గిన్నెయు, అందు తేలు బుడ్డియు కలవు. మన మిద్దెమీది నీటితొట్టిలో బంతి తేలుచు, నీరు నిండగనే గొట్టమును మూయును గదా! ఇదియు అట్టిదే. గిన్నెలో పెట్రోలు తగ్గినపుడు బుడ్డి దిగును. దానితోడి సూది తన పీటనుండి వీడి పెట్రోలును లోనికి విడుచును. మట్టము చేరగనే బుడ్డి లేచి సూదిని పీటకు నొక్కును. మన మెకానిక్కులు దీనిని ఫ్లోటు అనియే వ్యవహరింతురు.

ఇవికాక మరికొన్ని భాగములు కలవు. ఇంజనుకు పోవు మిశ్రమమును హెచ్చించుటకు, తగ్గించుటకు ఇరుసుమీద తిరుగు గుండ్రని రేకు థ్రాటిలు. ఇంజను నిదానముగ తిరుగునపుడు కంఠమున గాలివేగము చాలదు. అప్పటికి థ్రాటిలు అంచువద్ద చిన్న రంధ్రముల ద్వారా పెట్రోలు వచ్చు ఏర్పాటు కలదు. థ్రాటిలును ఒక్కసారి తెరచినపుడు గాలి ముందు పరుగెత్తును, బరువైన పెట్రోలు వెనుకబడును. ఆ లోటు తీర్చుటకు చిన్న పంపు ఒక చిమ్ము అధికముగ చిమ్మును. చివరిది మిశ్రమనియంత్రణము. దీనిని పైలటు తన చేతిపిడితో నడుపును.

మోటారుబండికి లేని ఈ చేతిపిడి విమానమునకేల? పైకి పోవుకొలది గాలి పలుచనగును. పదివేల అడుగుల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టముననున్న దానిలో సుమారు 74 శాతము మాత్రమే. గాలి తగ్గినను పెట్రోలు ఆ మేరకు తగ్గదు. పెట్రోలు పూర్తిగ మండుటకు తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్ళ గాలి వలెను. అధికశక్తి కావలసినపుడు సుమారు 12 పాళ్ళు. పెట్రోలు మితిమీరినచో మసిపట్టి ప్లగ్గులు నల్లబారును, శక్తి తగ్గును. మరీ తక్కువైనచో సిలిండర్లు వేడెక్కును, ఇంజను తడబడును. కావున ఎత్తునుబట్టి పైలటు మిశ్రమమును పలుచన చేయుచుండవలెను.

మంచు: చెన్నపురి వంటి ఊళ్ళలోనూ

ఎండలు మండు చెన్నపురిలో మంచు భయమేమని పాఠకులు నవ్వవచ్చును. కాని ఈ భయము నిజమైనది. కొత్తకుండలో నీరు చల్లబడుటకు కారణము, కుండ చెమ్మ ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవుటయే. కార్బురేటరు కంఠమున పెట్రోలు అతివేగముగ ఆవిరియగును. దానికి తోడు ఒత్తిడి తగ్గుటవలనను గాలి చల్లబడును. ఈ రెంటివలన ఉష్ణోగ్రత 30 సెంటిగ్రేడు డిగ్రీలకు పైగా పడిపోవచ్చును. అపుడు గాలిలోని తేమ థ్రాటిలు రేకుమీదను, కంఠమునందును మంచై పేరుకొని గాలిదారిని మూసివేయును.

బయటి ఉష్ణోగ్రత 21 డిగ్రీలకు లోబడియు, గాలిలో తేమ 80 శాతమునకు మించియు ఉన్నపుడు ఇట్టి మంచు పట్టుట ఎక్కువ. బయట 38 డిగ్రీలుండి, తేమ 50 శాతమే యున్నను ఇది సంభవింపవచ్చునని వైమానికగ్రంథములు హెచ్చరించుచున్నవి. ఈశాన్య ఋతుపవనము వీచు కార్తిక మార్గశిరములలో చెన్నపురి తెల్లవారుజాములను తలచుకొనుడు. చెమ్మగాలి, మబ్బు, చల్లదనము - మూడును కూడివచ్చు వేళ యది.

దీనికి విరుగుడు వేడిగాలి. పొగగొట్టము చుట్టు తొడిగిన రేకుకవచము లోపలి గాలి వేడెక్కియుండును. పైలటు పిడిని లాగినచో ఆ గాలి కార్బురేటరులోనికి వచ్చును. స్థిరమైన పంకా గల విమానమున మంచు పట్టుటకు తొలిగుర్తు ఇంజను చుట్లు తగ్గుట. వేడిగాలి విడువగనే చుట్లు ఇంకను తగ్గును. ఏలయన వేడిగాలి పలుచన. మంచు కరుగునపుడు నీరు లోనికి పోయి ఇంజను దగ్గును, కుదుపును. ఈ దగ్గుకు బెదరి పైలటు పిడిని వెనుకకు నెట్టినచో మంచు మిగిలిపోవును. ఓర్మితో నిలిచినచో మంచు కరగి చుట్లు మరల పెరుగును. దిగుటకై థ్రాటిలును మూసినపుడు మంచు పట్టుట సులభము గనుక, ముందుగనే వేడిగాలి విడుచుట శిక్షణలో నేర్పుదురు. ఈ గాలి వడపోతగుండా రాదు. కావున దుమ్ముగల నేలమీద పరీక్షకు తప్ప దీనిని వాడరాదు.

నిత్యరక్షణ

కార్బురేటరు రోగములలో పెక్కు పెట్రోలుతో వచ్చునవే. ప్రతిదినము తొలి ప్రయాణమునకు ముందు టాంకుల అడుగునుండియు, వడపోతగిన్నెనుండియు కొంచెము పెట్రోలు గాజుపాత్రలోనికి తీసి చూడవలెను. నీరు బరువైనది గనుక అడుగున ముత్యమువలె నిలిచియుండును. రాత్రి తేమ హెచ్చుగనుండు సముద్రతీరపు ఊళ్ళలో, సగము నిండిన టాంకులలో నీరు చేరుట సామాన్యము.

నేడు శిక్షణవిమానములలో వాడు 100 ఎల్.ఎల్. అను పెట్రోలునకు నీలిరంగు కలుపుదురు. ఇది మెకానిక్కునకు గొప్ప ఉపకారము. కార్బురేటరు అతుకులవద్ద కారిన పెట్రోలు ఆరిపోయినను నీలిమరక మిగులును. ఆ మరక కనబడినచోట గాస్కెట్టు చితికినదనియో, మరలు వదులైనవనియో, సూదికవాటము కారుచున్నదనియో గ్రహింపవలెను. ఈ పెట్రోలును మన దేశము చిరకాలము దిగుమతి చేసికొనెను. 2022లో ఇండియన్ ఆయిల్ వారు వడోదరలో దీని ఉత్పత్తిని ప్రారంభించిరి. బంకులలో బండ్లకు పోయు పెట్రోలు చాలవరకు ఇథనాలు కలిసినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. దానికై నిర్మింపబడని పాత రబ్బరు భాగములను ఉబ్బించును. కావున తయారీదారు అనుమతి లేనిదే దానిని విమానమున పోయరాదు.

ఇంజనును ఆపునప్పుడు చేయు పరీక్ష యొకటి మిక్కిలి సులభము, మిక్కిలి విలువైనది. ఇంజను నిదానముగ తిరుగుచుండగా మిశ్రమపుపిడిని మెల్లగ వెనుకకు లాగినచో, ఆగుటకు ముందు చుట్లు కొద్దిగ పెరుగవలెను. లైకమింగ్ వంటి ఇంజనులలో ఈ పెరుగుదల నిమిషమునకు 50 చుట్లకు మించరాదు. మించినచో నిదానపు మిశ్రమమున పెట్రోలు ఎక్కువైనదని యర్థము. అసలు పెరుగకయే ఆగినచో పెట్రోలు చాలుటలేదని యర్థము.

విప్పుటయు, భాగముల మార్పిడియు

కార్బురేటరును విప్పు అధికారము లైసెన్సు పొందిన విమాననిర్వహణ ఇంజనీరునకును, ఆతని పర్యవేక్షణలోని వారికిని మాత్రమే కలదు. ఇచ్చట చెప్పునది పని తీరు తెలియుటకే. పని చేయువారికి తయారీదారు గ్రంథమే ప్రమాణము.

మొదట పెట్రోలు కవాటమును మూయవలెను. మాగ్నెటో మీటను ఆపి తాళపుచెవి తీసివేయవలెను. మాగ్నెటో తనంత తానే నిప్పురవ్వ పుట్టించును గనుక, దాని తీగ తెగియున్నచో పంకాను చేత త్రిప్పినను ఇంజను రగులవచ్చును. కావున పంకా ఎదుట నిలువరాదు. తరువాత గిన్నెలోని పెట్రోలును శుభ్రమైన పాత్రలోనికి దింపి, అందు త్రుప్పుగాని, నలుసుగాని, నీటిబొట్టుగాని కలవేమో చూడవలెను. రోగనిర్ణయమున సగము ఇచ్చటనే తేలును. పిదప గాలిపెట్టెను, పెట్రోలు గొట్టమును, థ్రాటిలు మిశ్రమముల కడ్డీలను వేరుచేసి, ఇంజను అడుగున కార్బురేటరును పట్టియున్న నట్లను విప్పుదురు. ఇంజనులో తెరచియున్న రంధ్రమును వెంటనే మూయవలెను. అందు పడిన చిన్న మర యొకటి చాలును సిలిండరును నాశనము చేయుటకు.

బల్లమీద గిన్నెను విప్పిన పిమ్మట మొదట చూడవలసినది ఫ్లోటు. పూర్వము ఇవి పలుచని ఇత్తడి బుడ్డులు. అతుకు విడిచినచో లోనికి పెట్రోలు చేరి మునిగిపోవును. తరువాత వచ్చిన కృత్రిమపదార్థపు ఫ్లోట్లకును ఈ రోగము తప్పలేదు. ఫ్లోటు మునిగినచో సూది మూయబడదు. పెట్రోలు పొంగి ఇంజను నల్లపొగ విడుచును. రోటాక్స్ 912 ఇంజనుల బింగ్ కార్బురేటర్లలో దీనిని కనిపెట్టుటకు తూకమే సాధనము: రెండు ఫ్లోట్లును కలిపి 7 గ్రాములు మించినచో వానిని పారవేసి కొత్తవి వేయవలెను. బంగారము తూచు త్రాసువంటి త్రాసు ఇచ్చట ప్రాణరక్షకము.

రెండవది సూదియు, దాని పీటయు. సూదికొన నిత్యము ఒకేచోట తగులుటవలన అందు చిన్న గాడి పడును. ఈ రెంటిని జతగనే మార్చుట మంచిది. పాత పీటమీద కొత్త సూది సరిగా కూర్చుండదు. తరువాత ఫ్లోటు మట్టము చూడవలెను. మార్వెల్-షెబ్లర్ ఎం.ఎ.3 రకములో పై భాగమును తలక్రిందుచేసి, గాస్కెట్టునకును ఫ్లోటునకును నడుమ 7/32 అంగుళము ఎడమున్నదో లేదో చూతురు. అందులకు ఆ కొలతగల డ్రిల్లు కాడయే చాలును. ఎడము రెండువైపుల సమముగనుండవలెను.

మూడవది జెట్లు. వీనిని ద్రావకమున నానవేసి, ఒత్తిడిగాలితో ఊది శుభ్రపరచవలెను. ఇనుపతీగ గ్రుచ్చరాదు. రంధ్రము వెంట్రుకవాసి పెద్దదైనను పాళ్ళు శాశ్వతముగ తప్పును. ఆ తప్పు కంటికి కనబడదు. నాలుగవది థ్రాటిలు ఇరుసు. ఇరుసు పట్టెడలు అరిగినచో ప్రక్కనుండి దొంగగాలి దూరి, నిదానముగ తిరుగునపుడు ఇంజను తడబడును. ఐదవది పంపు, దాని తోలు ఎండిపోయినచో థ్రాటిలు తెరచినపుడు ఇంజను ఒక్కక్షణము నీరసపడును.

తిరిగి అమర్చునపుడు పాత గాస్కెట్లను వాడరాదు. మరలను తయారీదారు చెప్పిన బిగువుకు మాత్రమే బిగించి, తాళపురేకులను మడచి, తాళపుతీగ వేయవలెను. ఆ తీగను మర బిగియు దిక్కునకే లాగునట్లు పెనవేయుట విమానశాలలో తొలిపాఠము. థ్రాటిలు, మిశ్రమము, వేడిగాలి పిడులు మూడును కొననుండి కొనవరకు కదలునో లేదో చూడవలెను. పెట్రోలు తెరచి కొంతసేపు కారుటను పరీక్షించి, అటుపిమ్మటనే ఇంజను నడపి చూతురు. చేసినదంతయు పుస్తకమున వ్రాసి సంతకము చేయవలెను.

భాగమునకు వంశావళి

మన నగరమున జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త భాగములును, పుదుప్పేటలో పాత భాగములును దొరకని మోటారుబండి లేదు. పుదుప్పేట పనివారి నేర్పు ప్రసిద్ధము. అయినను అచ్చటి సూదికవాటము విమానపు కార్బురేటరున అచ్చుగుద్దినట్లు పట్టినను దానిని వేయరాదు. ఇది పనివాని నేర్పును శంకించుట కాదు. విమానభాగమునకు ఎవరు చేసిరి, ఏ లోహముతో చేసిరి, ఎవరు పరీక్షించిరి, ఎన్ని గంటలు వాడబడెను అను వంశావళి పత్రరూపమున వెంట రావలెను. పత్రము లేని భాగము ఎంత మెరసినను అనాథయే. విమానయాన డైరెక్టరేటు జనరల్ వారి నిబంధనలకును, తయారీదారుల హెచ్చరికపత్రములకును ఇదియే ప్రాణము. ఒకచోట ఒక ఫ్లోటు చెడినచో ఆ వార్త లోకమందలి అట్టి ఫ్లోట్లన్నింటి యజమానులకు చేరవలెను. వంశావళి లేనిచో వార్త ఎవరికి చేరును?

పాత విమానముల భాగములకు ఖర్చు అధికము, నిరీక్షణ దీర్ఘము. ఆ ఒత్తిడిలో ‘ఈ పూటకు దీనితో సరిపెట్టుదము’ అను మాట పుట్టును. శిక్షార్థి బిడ్డ ఒంటరిగా తొలిసారి ఎగురు ఉదయమున ఆ మాట ఎంతకు దారితీయునో ఊహింపవచ్చును.

నేటి స్థితి

కార్బురేటరు క్రమముగ తెరవెనుకకు పోవుచున్నది. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 ప్రమాణములు అమలునకు వచ్చుటతో కొత్త ద్విచక్రవాహనములు ఇంధనమును సూదితో చిమ్ము పద్ధతికి మారినవి. మన దేశపు హంస-ఎన్.జి. శిక్షణవిమానమున అమర్చిన రోటాక్స్ ఇంజను ఆ పద్ధతిదే. దాని సముద్రమట్ట పరీక్షలు 2022లో మన పొరుగున పుదుచ్చేరిలో జరిగినవి. ఆ పద్ధతిలో కార్బురేటరు మంచు బాధ లేదు. కాని పాత సెస్నాలును, చిన్న మైక్రోలైటు విమానములును ఉన్నంతకాలము కార్బురేటరు ఉండును. ఇది వరకు వీధిమెకానిక్కువద్ద నిలిచి స్కూటరు కార్బురేటరు విప్పుట చూచి నేర్చిన పిల్లలకు ఈ విద్య సహజముగ అబ్బెడిది. ఇకమీద రాబోవు పిల్లలకు ఆ చూపు ఉండదు. కావున మాటతోనైనను, బొమ్మతోనైనను చెప్పవలసిన భారము పెద్దలపై పడినది.

ఉపసంహారము

ఈ వ్యాసమున కార్బురేటరు, థ్రాటిలు, గాస్కెట్టు అను మాటలను అట్లే యుంచి, కంఠము, పీట, దొంగగాలి, సూదికవాటము వంటి మాటలను మనవానినుండి తీసికొనుట జరిగినది. పనివారి నోట నిలిచిన మాటను తొలగించి కొత్త సంస్కృతపదము కల్పించుటవలన విషయము తేట కాదు. పనివానికి తెలియని పేరు పెట్టిన భాగమును అతడు ఎట్లు వెదకును?

మన సంఘపు గ్రంథాలయమునకు విమాన, మోటారు, విద్యుద్యంత్రములను గూర్చి ఇట్టి చిన్న వ్యాసములు, బొమ్మలతో, ఆ వృత్తులలోనున్న మన సభ్యులే వ్రాసి ఇచ్చినచో మేలు. వారికి విషయము తెలియును. మా వంటి ఉపాధ్యాయులు భాషను సవరింపగలరు. నీలిమరకను చూచి ఇది ఏలయని అడుగు పిల్లవానికి తెలుగున బదులు చెప్పగల పెద్దలు ఈ నగరమున ఉండవలెను.